బుస ఆగేదాకా

ఇంటి నుంచి,
నవంబరు 3

తమ్ముడికి,

ఇక్కడ నేనూ మీ బావా బాగానే ఉన్నాం. బాగా లేనిది నువ్వు తెచ్చి ఇచ్చిన కారు ఒక్కటే.

మొదటి వారం నాన్న కారు మా వీధిలో దర్జాగానే తిరిగింది. ఇన్నాళ్లకి తమ్ముడికి అక్క గుర్తొచ్చిందని పైవాటా ఆవిడతో గొప్పగా చెప్పుకున్నాను కూడా. తరవాత చలి మొదలైంది. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే ఇదే భాగోతం. తాళం తిప్పితే సెల్ఫ్ బాగానే తిరుగుతుంది, ఇంజిను అందుకుంటుంది, అందుకున్న మరుక్షణం ఒళ్లంతా వణికి, రెండు దగ్గులు దగ్గి ఆగిపోతుంది. ఐదారుసార్లు ఇలా అయ్యాక ఎలాగో నిలబడుతుంది. పది నిమిషాలు నడిస్తే ఏమీ ఎరగనట్టు మెత్తబడుతుంది. మధ్యాహ్నం తీస్తే ఒక్క తాకుకే స్టార్ట్. వణుకుతున్నంతసేపూ లోపల ఎక్కడో సన్నగా బుస కూడా వినిపిస్తోంది.

నా కొత్త ఉద్యోగం సంగతి నీకు సరిగ్గా చెప్పలేదు. ల్యాబు తరపున ఇళ్లకి వెళ్లి రక్తం తీసుకొస్తాను. పరగడుపున తియ్యాల్సిన రక్తం. ఆరింటికి మొదటి ఇల్లు, ఎనిమిదిన్నరకల్లా పదకొండు ఇళ్లు తిరగాలి. పన్నెండు గంటలు ఏమీ తినకుండా కూర్చున్న మనిషి ఆలస్యంగా వచ్చిన నర్సుని ఎలా చూస్తాడో నీకు తెలీదు. ఇప్పటికి రెండుసార్లు ఆలస్యమయ్యాను. సంవత్సరం ఆఖరుదాకా చూస్తాననీ, అప్పటికీ వేళకి రాకపోతే ఈ పని ఇంకొకరికి ఇస్తాననీ మేనేజరమ్మ మర్యాదగానే చెప్పింది. యాభై రెండేళ్ల వయసులో దొరికిన పని ఇది, మళ్లీ ఇంకోటి దొరకదు.

గడియారంలా నడుస్తుందన్నావు కదా. ఆ గడియారం ఒకసారి వచ్చి చూసుకో. బస్సులో మూడు గంటలు. ఆదివారం రా.

అక్క


షెడ్డు నుంచి,
నవంబరు 9

అక్కా,

ఉత్తరం అందింది. 'తమ్ముడికి' అన్న మాట దగ్గర కాగితానికి చిల్లు పడింది. కోపం ఎంతుందో అక్కడే తెలిసిపోయింది.

కారుని ఆడిపోసుకోకు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది. ఆ ఇంజిను విప్పి, కడిగి, బిగించింది నేను. చలిలో పాత ఇంజినుని లేపడానికి ఓ పద్ధతుంది. చోక్ పూర్తిగా బయటికి లాగు. చోక్ అంటే గాలి తగ్గించి పెట్రోలు ఎక్కువ వెళ్లేట్టు చేసే పుల్ల. యాక్సిలరేటరు మీద కాలు పెట్టకుండా సెల్ఫ్ కొట్టు. లేచాక ఒక నిమిషం ఆగి, చోక్ కొంచెం కొంచెంగా లోపలికి తోయి. నువ్వు కంగారులో కాలితో తొక్కి తొక్కి దాన్ని ఉక్కిరిబిక్కిరి చేస్తున్నావని నా అనుమానం.

అలా చేసినా లేవకపోతే ఒక నోటుపుస్తకం పెట్టు. ఎన్నింటికి తీశావు, ఎన్నిసార్లకి నిలబడింది, పొగ ఏ రంగు, అన్నీ రాయి. ఒకసారి నాలుగు ప్లగ్గులూ విప్పి వాటి మూతులు ఏ రంగులో ఉన్నాయో చూసి రాయి. నాన్న పనిముట్ల సంచి డిక్కీలోనే ఉంది.

నేను ఇప్పుడు రాలేను. నాలుగు కార్లు విప్పి ఉన్నాయి. బావగారిని మాత్రం బానెట్ దరిదాపులకి రానివ్వకు. మా ఇంట్లో కుళాయి బాగుచేసి వెళ్లిన రోజు మేం బకెట్లతో వంటగది తోడుకున్నాం.

తమ్ముడు


ఇంటి నుంచి,
నవంబరు 17

తమ్ముడికి,

చోక్ అంటే ఏంటో నాకు చెబుతున్నావా? నువ్వు పలక మీద గీతలు గీస్తున్నప్పుడు నేను నాన్నకి కార్బురేటరు కడిగి ఇచ్చేదాన్ని. మేస్త్రీ కొడుకువి నువ్వు ఒక్కడివే అయినా, మేస్త్రీ పిల్లలం మనం ఇద్దరం.

అయినా చెప్పినట్టే చేశాను. ఇదిగో నోటుపుస్తకం. పన్నెండో తారీకు, ఆరుకి పావు తక్కువ, ఐదుసార్లకి నిలబడింది. పదమూడున ఏడుసార్లు. పద్నాలుగున మబ్బు పట్టి కాస్త వెచ్చగా ఉంది, రెండుసార్లకే నిలబడింది. పదిహేనున మళ్లీ చలి, మళ్లీ ఆరుసార్లు. పొగ పెద్దగా లేదు. చోక్ బయటికి ఉన్నంతసేపూ కుంటుకుంటూ అయినా బతుకుతోంది, లోపలికి తోస్తే చస్తోంది. ప్లగ్గులు విప్పాను. ముందువి రెండూ గోధుమ రంగు, వెనకవి రెండూ తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

మొన్న గురువారం పదిహేను నిమిషాలు ఆలస్యమైంది. నా మూడో ఇల్లు ఒక రిటైరైన పోస్టుమాస్టరుది. ఆయన ఉద్యోగం చేసినన్నాళ్లూ టపా ఒక్క నిమిషం ఆలస్యం కానివ్వలేదట. నేను రావడం లేదని కచ్చగా రెండు బిస్కెట్లు తినేసి, మూతి తుడుచుకుని, ఏమీ తినలేదని చెయ్యి చాపాడు. షుగరు ఆకాశానికంటింది. డాక్టరు ల్యాబుని తిట్టాడు, ల్యాబు నన్ను తిట్టింది. నేను ఎవర్ని తిట్టాలో నీకు తెలుసు.

రెండు సంగతులు అడుగుతాను, దాటెయ్యకుండా చెప్పు. ఒకటి, బుస గురించి కిందటిసారి రాశాను. నువ్వు దానికి ఒక్క ముక్క జవాబు రాయలేదు. ఇంకొకటి, డిక్కీలో నాన్న రబ్బరు గొట్టం కనిపించింది. ఒక కొస చెవిలో, ఇంకో కొస ఇంజిను మీద పెట్టి నాన్న రోగం కనిపెట్టే గొట్టం అది. ఆయన పోయాక నువ్వు దాన్ని మెళ్లోంచి తీసేవాడివి కాదు. ఇప్పుడు నా డిక్కీలోకి ఎందుకొచ్చింది?

అక్క


షెడ్డు నుంచి,
నవంబరు 24

అక్కా,

గొట్టం చిరిగింది. పనికిరాదని సంచిలో పడేశాను. అంతకంటే ఏమీ లేదు.

నోటుపుస్తకం బాగా రాశావు, ఒప్పుకుంటున్నాను. అందులో ఉన్న గుర్తులు చూస్తే నాకు నిద్ర పట్టడం లేదు. చోక్ తోస్తే చావడం, వెనక ప్లగ్గులు తెల్లబడటం, వెచ్చబడితే బాగుపడటం. ఇవన్నీ ఒకటే చెబుతున్నాయి. ఇంజిను ఎక్కడి నుంచో దొంగగాలి పీలుస్తోంది. కార్బురేటరుకీ, దాని కింద ఇంజిను గొట్టానికీ మధ్య ప్యాకింగ్ ఉంటుంది, ఆ అతుకులో సందు పడితే ఇలాగే చేస్తుంది. చలికి సందు తెరుచుకుంటుంది, వేడికి లోహం ఉబ్బి మూసుకుంటుంది. బుస వస్తే అక్కడి నుంచే రావాలి.

అయితే అక్కడ బుస లేదు అక్కా. ఆ అతుకు నా చేత్తో బిగించాను. నాన్న పద్ధతి నీకు తెలుసు కదా, ఇంజిను నడుస్తుండగా అతుకు వెనక నట్టుని బుస ఆగేదాకా తిప్పడం, ఆగాక ఇంకో పావు తిప్పు. అంతకంటే తిప్పితే కార్బురేటరు అడుగు పగులుతుంది, తక్కువైతే గాలి పీలుస్తుంది. నేను అలాగే బిగించాను. రెండు రోజులు ఇంజిను పక్కనే నిలబడ్డాను. బుస లేదు.

అప్పుడు లేనిది ఇప్పుడు ఉందంటే, ఎవరో అక్కడ చెయ్యి పెట్టారు. మీ వీధి మూల షెడ్డువాడికి చూపించావా? లేక బావగారు స్పానరు పట్టుకున్నారా? నిజం చెప్పు. కోప్పడను.

తమ్ముడు


ఇంటి నుంచి,
నవంబరు 30

తమ్ముడికి,

కోప్పడనంటున్నావా? సంతోషం. ఆ పని నేను చేస్తాను.

నీ ఉత్తరం పుణ్యమా అని రెండు రోజులు కట్టుకున్నవాణ్ని అనుమానించాను. మంగళవారం ఆయన చేతిలో స్పానరు చూసి దొంగని పట్టినట్టు చెయ్యి పట్టుకున్నాను. పాపం, కుర్చీ కాలు ఊగుతుంటే బిగిస్తున్నారు. కుర్చీ ఇంకా ఊగుతూనే ఉంది, అది వేరే సంగతి. "నేను కారుని ముట్టుకోలేదే, నీ తమ్ముడంటే నాకు భయం" అన్నారు. ఆయనకి అబద్ధమాడటం చేతకాదు. ఎప్పుడాడినా దొరికిపోతారు.

మూల షెడ్డుకి కూడా నిన్ననే మొదటిసారి తీసుకెళ్లాను, మధ్యాహ్నం డ్యూటీ అయ్యాక. అప్పటికి ఇంజిను వేడిగా ఉంది. ఆ మేస్త్రీ పది నిమిషాలు విని, ఇంజిను భేషుగ్గా ఉంది, మీకే చలి జ్వరమేమో చూపించుకోండి అని నవ్వాడు. బానెట్ తెరిచాడే గానీ లోపల వేలు పెట్టలేదు. పొద్దున్నే రమ్మంటే తొమ్మిదికి గానీ షెడ్డు తియ్యడట.

గొట్టం చిరిగిందన్నావు. దాన్ని నీళ్ల బకెట్లో ముంచి, ఒక కొసన ఊది చూశాను. ఒక్క బుడగ రాలేదు. ఎక్కడా చిరగలేదు. చిన్న గొట్టం గురించి నాతో అబద్ధం ఎందుకాడావు? అంత చిన్నదానికి ఆడినవాడివి ఇంజిను గురించి నిజం చెబుతున్నావని నేనెలా నమ్మాలి? ఇన్నేళ్లు నీ షెడ్డులో పడున్న కారుని ఉన్నట్టుండి నాకెందుకు ఇచ్చావు? నాన్న పెట్టిన మంచి కార్బురేటరు తీసి ఇంకో కారుకి వేసుకుని, నాకు పాతది తగిలించావా? ఫోను చేస్తే మరదలే తీస్తుంది, నువ్వు కారు కింద ఉన్నావంటుంది. ఎప్పుడు చేసినా కారు కిందే ఉంటావా?

మాట వచ్చింది కాబట్టి పాతది కూడా అంటాను. చిన్నప్పుడు నాన్న మనిద్దర్నీ గోడ వైపు తిప్పి నిలబెట్టి, వెనక నట్టు బిగిస్తూ, బుస ఆగగానే చెయ్యెత్తమనేవాడు గుర్తుందా? ఇద్దరం ఒకేసారి ఎత్తేవాళ్లం. వీడికీ చెవి ఉంది, షెడ్డు వీడికే అన్నాడు నాన్న. నువ్వు ఓరకంటితో నా చెయ్యి చూసి ఎత్తేవాడివి. ఇన్నేళ్లూ ఈ మాట అనలేదు. ఇప్పుడంటున్నాను.

బుస లేదంటున్నావు కదా. దీంతోపాటు ఒక కేసెట్టు పంపుతున్నాను. నిన్న పొద్దున్న టేప్‌రికార్డరు బానెట్ కింద పెట్టి పట్టాను. నువ్వే విను. నీకు రాయడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది.

అక్క


షెడ్డు నుంచి,
డిసెంబరు 8

అక్కకి,

కేసెట్టు విన్నాను. షెడ్డులో ఒకసారి, ఇంట్లో రెండుసార్లు, తలుపులు మూసుకుని విన్నాను. ఇంజిను దబదబలాడటం వినిపించింది. మిస్సింగ్ ఉంది, ఒప్పుకుంటాను. బుస మాత్రం లేదు. ఇంజిను ఆగిపోయాక మిగతా కేసెట్టంతా నిశ్శబ్దం. ఇసుమంత చప్పుడు లేదు. లేని బుసని ఉందనడానికి నీ మనసులో ఏముందో ఇప్పుడు అర్థమైంది.

నీకు షెడ్డు కావాలి. నాన్న నాకివ్వడం నీకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చలేదు. అందుకే పని చేతకానివాడని నా మీద ముద్ర వెయ్యాలని చూస్తున్నావు. ఊళ్లో నన్ను చెవితో చూసే మేస్త్రీ అంటారు. కారు గేటు దాటకముందే ఏ సిలిండరు మిస్సవుతోందో చెప్పేవాణ్ని. ఆ పేరు తప్ప నాకింకేమీ లేదు. దాని మీదే నీ కన్ను పడింది.

కార్బురేటరు నాన్న పెట్టిందే. అడుగున ఆయన గీసిన గుర్తుంది, చూసుకో. కారు నీకెందుకిచ్చానా? ఇవ్వాలనిపించింది, ఇచ్చాను. అక్కకి ఇవ్వడానికి కారణాలు వెతుక్కోవాలని తెలీక ఇచ్చాను.

నేను నీ చెయ్యి చూళ్లేదు.

కేసెట్టు తిప్పి పంపుతున్నాను.

తమ్ముడు


ఇంటి నుంచి,
డిసెంబరు 14

తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి ఒక పూట అన్నం మానేశాను. కోపంతోనే మానేశాను. సాయంత్రం కేసెట్టు మళ్లీ పెట్టుకుని విన్నాను. మీ బావని పిలిచాను, పైవాటా ఆవిణ్ని పిలిచాను. ఏమి వినిపిస్తోందో చెప్పకుండా వినమన్నాను. ఇద్దరూ బుస అనే అన్నారు. ఆవిడైతే ఏదో టైరులో గాలి పోతోందంది.

అప్పుడు నీ ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఇంజిను ఆగాక కేసెట్టంతా నిశ్శబ్దం, ఇసుమంత చప్పుడు లేదని రాశావు. తమ్ముడూ, ఏ కేసెట్టయినా ఖాళీగా తిరుగుతున్నప్పుడు సన్నగా సుయ్‌మని చప్పుడు వస్తుంది. కొత్త కేసెట్టు వేసినా వస్తుంది. చిన్నపిల్లలకి కూడా తెలుసు. నాతో కచ్చ పెట్టుకున్నవాడు బుస లేదని రాస్తాడు గానీ, అది కూడా లేదని ఎందుకు రాస్తాడు? ఆ మాట అబద్ధంలా లేదు. నాకు భయం వేసింది.

కారు తెచ్చిన రోజు గుర్తు చేసుకున్నాను. నువ్వు గేటు దగ్గర టైరు చూస్తున్నావు. వెనక నుంచి మూడుసార్లు పిలిచాను, నువ్వు తిరగలేదు. దగ్గరికొచ్చి భుజం తడితే ఇంజిను చప్పుడులో వినపడలేదన్నావు. ఇంజిను అప్పటికే ఆపేసి ఉంది. లోపల పొయ్యి మీద టీ కెటిల్ ఈల వేస్తుంటే నేను పెరట్లోంచి పరిగెత్తుకుంటూ వచ్చాను. నువ్వు దాని పక్కనే కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నావు. కట్టేస్తే నీ సొమ్మేం పోయిందిరా అని విసుక్కున్నాను. నవ్వేసి ఊరుకున్నావు.

గొట్టం చిరగలేదు. అది నీకు వినపడటం మానేసింది. అంతేనా?

కిందటి ఉత్తరంలో నిన్ను దొంగవన్నాను. ఆ శంఖం సామెత రాసిన చేతిని ఇప్పుడు ఏం చేసుకోవాలో తెలియడం లేదు. నా అనుమానం తప్పయితే ఇంకో నాలుగు తిట్టు, పడతాను. కేసెట్టు మళ్లీ పంపుతున్నాను. ఈసారి నువ్వు వినకు. మరదల్ని వినమని, దాని మొహం చూడు.

అక్క


ల్యాబు నుంచి,
డిసెంబరు 22

తమ్ముడికి,

కార్డు మీద రాస్తున్నాను, ఇంతకంటే చోటు లేదు. జవాబు రాలేదు. నిన్న మళ్లీ ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. కొత్త సంవత్సరం రెండో తారీకున మేనేజరమ్మ రమ్మంది, ఉంచుతుందో పంపేస్తుందో ఆ రోజే చెబుతుంది. ఆ సంగతి నేను పడతాను. నువ్వు ఎలా ఉన్నావో ఒక్క ముక్క రాయి.

అక్క


ఇంటి నుంచి,
డిసెంబరు 26

అక్కా,

షెడ్డులో కూర్చుని రాయలేక ఇంట్లో రాస్తున్నాను.

కేసెట్టు అందాక నాలుగు రోజులు అలమారలో పెట్టి తలుపేశాను. ఐదో రోజు మీ మరదల్ని పిలిచి వినిపించాను. నువ్వు చెప్పినట్టు తన మొహమే చూశాను. బొత్తాం నొక్కిన రెండు క్షణాల్లో మొహం చిట్లించి "అబ్బ, ఏంటా బుస" అంది. ఆ మాట నేను వినలేదు, పెదాలు చూసి తెలుసుకున్నాను. అప్పుడు తెలిసింది, చాలా రోజుల నుంచి తన మాటలు అలాగే తెలుసుకుంటున్నానని.

ఎప్పటి నుంచో నాకే తెలీదు. దబదబలు, గడగడలు అన్నీ వినపడతాయి. సన్నవే పోయాయి. షెడ్డు వెనక పిట్టలు ఈ ఏడాది రాలేదనుకున్నాను. ఫోను పాడైందనుకున్నాను, అందులో నీ మాట సగమే వస్తుంటే విసుగొచ్చి మరదలికి ఇచ్చేసేవాణ్ని. గొట్టం చిరిగిందనుకున్నాను. అందరిదీ తప్పే, నా చెవిది తప్ప. తను పిలిస్తే పలకడం లేదని, నాకు తన మీద మనసు పోయిందని మీ మరదలు ఏడాదిగా లోలోపల కుమిలిపోతోందట. ఆ రోజు ఇద్దరం చాలాసేపు ఏడ్చాం.

నీ కారుకి ఏం జరిగిందో ఇప్పుడు చెబుతాను. వెనక నట్టు బుస ఆగేదాకా తిప్పాను. నాకు బుస ఆగింది, ఇంజినుకి ఆగలేదు. నాకు వినపడినంత మేర ఆగిన చోట పావు తిప్పు వేసి, తుడిచి, నీకు తెచ్చిచ్చాను. నిన్ను మోసం చెయ్యలేదు అక్కా. కానీ నీకు పాడు కారు ఇచ్చింది మాత్రం నేనే. బావగారిని అన్నందుకు ఆయన కాళ్లు పట్టుకుంటానని చెప్పు.

బాగు చెయ్యడం నీ చేతిలో పనే. పొద్దున్నే, ఇంజిను చల్లగా ఉండగానే చెయ్యాలి. చోక్ లాగి స్టార్ట్ చెయ్యి, బావగారిని చోక్ దగ్గర కూర్చోబెట్టు, ఆ పని ఆయన చెయ్యగలరు. కార్బురేటరు అడుగు అతుకు చుట్టూ బ్రష్షుతో ఇంజిన్ ఆయిల్ రాయి. ఆయిల్ని లోపలికి లాగేసుకుని, వణుకు ఒక్క క్షణం తగ్గితే సందు అక్కడే. గొట్టం చెవిలో పెట్టుకుని ఆ చోటే విను. పన్నెండో నంబరు స్పానరుతో వెనక నట్టుని వెంట్రుకవాసి చొప్పున తిప్పు. బుస ఆగాక పావు తిప్పు, అంతే. బలం చూపించకు, పగులుతుంది.

ఇంకొకటి. అవును, నీ చెయ్యే చూసేవాణ్ని. అప్పుడు నా చెవి బాగానే ఉంది, అయినా నా మీద నాకు నమ్మకం ఉండేది కాదు. నీ చెయ్యి లేస్తే అప్పుడు ఎత్తేవాణ్ని. నాన్నకి తెలుసో తెలీదో నాకు తెలీదు. కారు నీకెందుకిచ్చావని అడిగావు కదా, దానికి జవాబు ఇదే. షెడ్డు ఇవ్వలేక కారు ఇచ్చాను.

ఈ ఏడాదిలో ఇలా నట్టు బిగించిన కార్లు పద్నాలుగున్నాయి. లెక్క రెండుసార్లు చూసుకున్నాను. కొత్త సంవత్సరం నుంచి షెడ్డుకి తాళం వేద్దామనుకుంటున్నాను. చెవితో చూసే మేస్త్రీకి చెవి లేదని పదిమందీ అనుకునేలోపు నేనే వెళ్లిపోవడం మర్యాద.

తమ్ముడు


ఇంటి నుంచి,
జనవరి 2

తమ్ముడూ,

నీ ఉత్తరం ముప్పై ఒకటో తారీకు సాయంత్రం అందింది. నిన్న పొద్దున్నే ఐదుంపావుకి బానెట్ ఎత్తాం. మీ బావ చోక్ పట్టుకుని, ఊపిరి కూడా బిగబట్టి కూర్చున్నారు. ఇంజిను ఎప్పట్లాగే వణికింది. అతుకు చుట్టూ ఆయిల్ రాశాను. ముందు వైపు ఏమీ కాలేదు. వెనక వైపు రాయగానే చుక్క లోపలికి పోయింది, వణుకు ఒక్క క్షణం సద్దుమణిగి మళ్లీ మొదలైంది. గొట్టం పెట్టి విన్నాను. చెవిలో పాము దూరినట్టు బుస.

స్పానరు వెంట్రుకవాసి తిప్పాను. బుస సన్నబడింది. ఇంకాస్త తిప్పాను. ఇంకా సన్నబడింది. మొత్తం మీద అర తిప్పు కూడా పట్టలేదు, ఆగిపోయింది. బుస ఆగిన క్షణంలో నాకు తెలీకుండానే నా ఎడమ చెయ్యి పైకి లేచింది. మీ బావ కంగారుపడి ఇంజిను కట్టేశారు. పావు తిప్పు తిప్పి, స్పానరు కింద పెట్టి, అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. నాన్న చనిపోయినప్పుడు కూడా నేను అంతలా ఏడవలేదు.

ఈ పొద్దున ఒక్క తాకుకే లేచింది. పోస్టుమాస్టరు ఇంటికి ఐదు నిమిషాలు ముందే వెళ్లాను. ఆయన చేతిలో బిస్కెట్ల డబ్బా ఉంది, ఇంకా మూత తియ్యలేదు. మేనేజరమ్మ నాకు చివరి అవకాశం ఇచ్చింది. ఈ నెలంతా వేళకి వస్తే పని నాదేనంది. వస్తాను.

ఇక నీ తాళం సంగతి. తాళం వేస్తే ఊరుకోను. ఆ షెడ్డు మీద నాకు కోపం పోలేదు, పోయిందని రాస్తే నువ్వు నమ్మవు కూడా. నా చెయ్యి చూసి షెడ్డు తీసుకున్నావు. ముప్పై ఎనిమిదేళ్లు ఆ మాట గొంతులో పెట్టుకుని తిరిగాను. నువ్వు ఒప్పుకున్నాక కాస్త తేలికైంది, అంతే. అలా తీసుకున్నదాన్ని వదిలేసి వెళ్లిపోయే హక్కు నీకు లేదు. ముందు చెవి డాక్టరు దగ్గరికి వెళ్లు, సిగ్గుపడకు. ఆ తరవాత పద్నాలుగు కార్ల వాళ్లకీ నిజం చెప్పి కబురు పెట్టు. మేస్త్రీ చెవి దెబ్బతింది, బిగించినది మళ్లీ చూస్తాడు, ఊరికే చూస్తాడు అని చెప్పు. వచ్చేవాళ్లు వస్తారు, తిట్టేవాళ్లు తిడతారు.

నాకు ఆదివారాలు డ్యూటీ లేదు. ఈ ఆదివారం నాన్న కారులోనే వస్తున్నాను. గేటు దగ్గర హారన్ కొట్టను, నేరుగా లోపలికే వస్తాను. చల్లటి ఇంజినుతో మొదటి కారు సిద్ధంగా ఉంచు. స్పానరు నీ చేతిలో, గొట్టం నా చెవిలో. బుస ఆగగానే చెయ్యెత్తుతాను.

గోడ వైపు నిలబడనులే, నీ ఎదురుగానే నిలబడతాను. ఓరచూపులు అక్కర్లేదు, బాగా చూడు.

అక్క